వాట్సాప్ ఫ్రీ ప్యాక్ మన దగ్గర ఎందుకు లేదు? ఉంటే నష్టమేంటి?

మీ ప్రశ్నలో మూడు సంగతులు కలిసిపోయాయి. మస్కట్‌లో ఉన్న మీ తమ్ముడికి మామూలు డేటాతో పాటు 'సోషల్ డేటా' అని ఇంకో కోటా వస్తోంది, వాట్సాప్, ఫేస్‌బుక్ లాంటివి దాంట్లోంచే నడుస్తాయి, అలాంటి ప్యాక్ మనకెందుకు లేదన్నది ఒకటి. కంపెనీ తనంతట తాను ఫ్రీగా ఇస్తానంటే మధ్యలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి వచ్చిన నొప్పేంటన్నది రెండోది. మరి రీఛార్జ్ చేస్తే ఓటీటీ ఫ్రీ అంటున్నారు కదా, దానికి లేని అభ్యంతరం దీనికెందుకు అన్నది మూడోది. నేను ఏళ్ల తరబడి మొబైల్ నెట్‌వర్కుల్లో డేటా లెక్కగట్టి బ్యాలెన్స్ కట్ చేసే విభాగంలో పనిచేశాను, ఎక్కువగా విదేశీ ఆపరేటర్ల దగ్గర. అందుకే చట్టం సంగతి తర్వాత, ముందు మీటరు సంగతి చెబుతాను. అది తెలిస్తే మిగతా వాదన సగం తేలిపోతుంది.

మీ ఫోన్ నుంచి బయల్దేరిన డేటా టవర్ దాటాక ఆపరేటర్ దగ్గరున్న ఒక గేట్‌వే గుండా ఇంటర్నెట్‌లోకి పోతుంది. మీ 'రోజుకు 1.5 జీబీ' తరిగేది అక్కడే. గేట్‌వే ఛార్జింగ్ సర్వర్‌ని అడిగి కొంచెం కోటా తెచ్చుకుంటుంది, అది అయిపోగానే ఇంకొంచెం అడుగుతుంది, ఇక లేదని సర్వర్ చెప్తే మీకు 'డేటా అయిపోయింది' మెసేజ్ వస్తుంది. ఈ పనికి ఎన్ని బైట్లు పోయాయో తెలిస్తే చాలు, ఆ బైట్లలో ఏముందో తెలియక్కర్లేదు. వాట్సాప్‌కి వేరే లెక్క కావాలంటే మాత్రం ప్రతి కనెక్షన్‌నూ పట్టి చూడాలి. ఇది వాట్సాప్‌దా, యూట్యూబ్‌దా, బ్యాంకుదా అని తేల్చే ఆ పనిని డీప్ ప్యాకెట్ ఇన్‌స్పెక్షన్ అంటారు, మేము డీపీఐ అనేవాళ్లం. తేల్చాక ఒక్కో రకానికి ఒక 'రేటింగ్ గ్రూప్' నంబరు తగిలిస్తారు. ఛార్జింగ్ సర్వర్‌లో ఆ నంబరు ఎదురుగా రేటు అనే గడి ఉంటుంది. అందులో సున్నా వేస్తే అదే జీరో రేటింగ్.

ఆ గడిలో సున్నానే వేయాలని రూలేమీ లేదు. ఎంతైనా వేయొచ్చు. వేగం తగ్గించమనొచ్చు, పూర్తిగా ఆపేయమనొచ్చు. పరికరం అదే, సాఫ్ట్‌వేర్ అదే, మారేది ఒక్క అంకె. నా మటుకు నాకు నెట్ న్యూట్రాలిటీ (ఆపరేటర్ అన్ని యాప్‌లనూ, సైట్లనూ ఒకేలా చూడాలన్న సూత్రం) గొడవంతా ఈ గడి దగ్గరే ఉంది. యాప్‌ని బట్టి రేటు వేసే అధికారం ఆపరేటర్‌కి ఇవ్వాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న. ఈరోజు సున్నా వేశాడా పది వేశాడా అన్నది ఆ తర్వాతి మాట.

గల్ఫ్‌లోనే దీనికి రెండో కొస కనిపిస్తుంది. యూఏఈలో వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, వాయిస్ కాల్, వీడియో కాల్ మాత్రం ఏళ్లుగా బంద్. దుబాయ్‌లో పనిచేసే మనవాళ్లు కరీంనగర్‌కో కడపకో మాట్లాడాలంటే బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ పట్టుకోవాలి. ఒకే యాప్‌లో చాట్‌ని వదిలి కాల్‌ని ఆపగలుగుతున్నారంటే కనెక్షన్లను విడదీసి గుర్తుపట్టే ఇలాంటి ఏర్పాటు ఉండబట్టే.

ఇప్పుడు దాదాపు అంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే వస్తుంది కాబట్టి గేట్‌వేకి లోపలి సరుకు కనబడదు. బయటి ఆనవాళ్లే దిక్కు: ఏ ఐపీ అడ్రసుకి (ఇంటర్నెట్‌లో సర్వర్‌ని గుర్తుపట్టే నంబరుకి) పోతోంది, కనెక్షన్ మొదలుపెట్టేటప్పుడు ఏ సర్వర్ పేరు అడిగింది. ఆ జాబితాను ఎప్పటికప్పుడు దిద్దుకుంటూ ఉండాలి. నేను పనిచేసిన ఒక చోట ఫ్రీగా ఇస్తున్న చాట్ యాప్ ఒక రాత్రి తన ఫోటోల సర్వర్లను కొత్త ఐపీలకు మార్చుకుంది. మా ఆపరేటర్‌కి చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా వాళ్లకి లేదు. తెల్లారేసరికి ప్రీపెయిడ్ కస్టమర్లకు మెసేజ్‌లు ఫ్రీగానే పోతున్నాయి, ఫోటో తెరిస్తే బ్యాలెన్స్ కట్. కస్టమర్ కేర్ వాళ్లేమో 'మీరు వేరే యాప్ వాడి ఉంటారు' అని ఫోన్ పెట్టేస్తున్నారు. లాగ్ తీస్తే ఒకే మనిషి ఒకే చాట్‌లో మూడు వరసలు కనబడ్డాయి: టెక్స్ట్‌కి సున్నా, వాయిస్ నోట్‌కి సున్నా, మనవరాలి ఫోటో అయ్యుండొచ్చు, ఎవరిదో తెలియదు, దానికి మాత్రం పూర్తి రేటు.

కాబట్టి మీ తమ్ముడిని ప్యాక్ షరతులు ఒకసారి నిదానంగా చదవమనండి. సోషల్ కోటాలో కాల్స్ ఉన్నాయా, చాట్ వరకేనా? గ్రూపులో వచ్చిన లింకు నొక్కితే తెరుచుకునేది యూట్యూబో, పేపరు సైటో. అది సోషల్ కింద రాదు, మామూలు డేటాలోంచి పోతుంది. వీపీఎన్ ఆన్ చేసి ఉంటే అంతా ఒకే సర్వర్‌కి పోతున్నట్టు కనిపిస్తుంది కాబట్టి సోషల్ కోటా అలాగే ఉండిపోయి మామూలు డేటా ఖాళీ అవుతుంది. 'నేను వాట్సాప్ తప్ప ఏమీ వాడలేదు, డేటా ఎలా అయిపోయింది' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ రెండే.

ఇక మన దేశం సంగతి. ఇలాంటి ప్యాకులు మన దగ్గర ఒకప్పుడు బోలెడు. వాట్సాప్‌కి ఒక ప్యాక్, ఫేస్‌బుక్‌కి ఒక ప్యాక్, చిల్లర డబ్బులతో రోజువారీ ప్యాక్ అని కిరాణా కొట్లోనే రీఛార్జ్ చేసేవాళ్లు. అప్పుడు ఎవరూ గొడవ చేయలేదు. గొడవ మొదలైంది 2014 డిసెంబర్‌లో. ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌ను డేటా ప్యాకుల్లోంచి తీసేసి 3జీలో 10 కేబీకి 4 పైసల చొప్పున వేరే లెక్క కడతానంది. నేను పైన చెప్పిన గడిలో సున్నా బదులు పెద్ద అంకె వేయడమంటే ఇదే. జనం మండిపడటంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. 2015 మార్చి 27న ట్రాయ్ ఇంటర్నెట్ యాప్‌ల నియంత్రణపై సంప్రదింపుల పత్రం వేసింది. ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ జీరో వచ్చింది. యాప్ కంపెనీ డబ్బు కడితే ఆ యాప్ వాడకం కస్టమర్‌కి ఫ్రీ అని దాని ఏర్పాటు. అందులో చేరడానికి ఫ్లిప్‌కార్ట్ మాట్లాడుతోందని తెలియగానే జనం ఆ యాప్‌కి ఒక్క స్టార్ రేటింగ్ ఇచ్చి దులిపేశారు, ఆ సంస్థ తప్పుకుంది. ట్రాయ్‌కి 10 లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. ట్రాయ్ వాళ్లు ఆ మెయిళ్లన్నీ పంపినవాళ్ల అడ్రసులతో సహా వెబ్‌సైట్‌లో పెట్టేశారు. ఆ తర్వాత కొన్నాళ్లు నా ఇన్‌బాక్స్‌కి వచ్చిన స్పామ్ సంగతి చెప్పకపోవడమే మంచిది.

దీనికి పక్కనే ఫేస్‌బుక్ కథ నడిచింది. ఇంటర్నెట్.ఆర్గ్ అనే ఉచిత సేవను 2015 ఫిబ్రవరిలో రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టారు. వాటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి (ఇది అనిల్ అంబానీ రిలయన్స్, జియో అప్పటికి రాలేదు). ఆ సిమ్ ఉంటే ఎంపిక చేసిన కొన్ని సైట్లు బ్యాలెన్స్ లేకపోయినా తెరుచుకునేవి. సెప్టెంబర్‌లో పేరు ఫ్రీ బేసిక్స్ అని మార్చారు. 'కొన్ని సైట్లే ఎందుకు' అని అడిగితే ఎవరైనా చేరొచ్చన్నారు. షరతులు చూస్తే వీడియో ఉండకూడదు, ఇంటర్నెట్ కాల్స్ ఉండకూడదు, జావాస్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రాం) లేకుండా పేజీ నడవాలి, రాకపోకలన్నీ ఫేస్‌బుక్ ప్రాక్సీ సర్వర్ మీదుగా జరగాలి. అంటే ఎవరు ఏ సైటుకి వెళ్తున్నారో ముందు తెలిసేది ఫేస్‌బుక్‌కే.

'ఎవరైనా చేరొచ్చు' అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే జీరో రేటింగ్‌ని సమర్థించేవాళ్లు ఇప్పటికీ ముందు అనేది అదే. డబ్బు తీసుకోకపోయినా చేరడం ఒక పని. ఫలానా ఐపీలు మావే, వీటి మీద మా సరుకు తప్ప ఇంకేమీ నడవదు అని ఆపరేటర్‌కి రాసివ్వాలి. మార్చినప్పుడల్లా ముందే చెప్పాలి. పెద్ద కంపెనీకి దీనికోసం ఒక టీమ్ ఉంటుంది. వరంగల్‌లో ఇద్దరు కుర్రాళ్లు మార్కెట్ యార్డు ధరలు చెప్పే సైటు పెట్టారనుకోండి. వాళ్ల సైటు నడిచేది క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్ (ఎన్నో సైట్లను తన సర్వర్ల మీంచి అందించే సంస్థ) మీద. అక్కడ ఒకే ఐపీ వెనుక వేల సైట్లుంటాయి. ఆ ఐపీకి సున్నా రేటు వేస్తే వాటన్నిటికీ వేసినట్టే, కాబట్టి ఏ ఆపరేటరూ వేయడు. సర్వర్ పేరు చూసి వేయొచ్చు కదా అంటే, ఆ పేరును కూడా దాచే ఎన్‌క్రిప్షన్ ఇప్పుడు వస్తోంది. దానికి తోడు దేశంలో ఒక ఆపరేటర్‌తో పని అయిపోదు, ప్రతి ఒక్కరి దగ్గరికీ తిరగాలి. ఒక దేశంలో అలాంటి దరఖాస్తులు నా టేబుల్ మీదికే వచ్చేవి. చిన్నవాళ్ల దరఖాస్తును ఎవరూ 'వద్దు' అనరు. 'టెక్నికల్ వివరాలు అసంపూర్ణం' అని రాస్తారు, అది అక్కడే పడి ఉంటుంది.

ఫ్రీ బేసిక్స్‌ను కాపాడుకోవడానికి ఫేస్‌బుక్ పేపర్లలో ఫుల్ పేజీ ప్రకటనలిచ్చింది, యాప్‌లోనే ఒక బటన్ పెట్టి జనం చేత ట్రాయ్‌కి ఒకే నమూనా మెయిళ్లు పంపించింది. అలా వచ్చినవే దాదాపు 18.9 లక్షలు. ట్రాయ్ అడిగిన నాలుగు ప్రశ్నలకు మాత్రం వాటిలో జవాబు లేదు. సంప్రదింపులను ఓట్ల లెక్కగా మార్చేస్తారా అని ట్రాయ్ ఘాటుగానే లేఖ రాసింది. చివరికి 2016 ఫిబ్రవరి 8న ఉత్తర్వు వచ్చింది. చూసే సరుకును బట్టి డేటాకి వేర్వేరు రేట్లు వేయకూడదు, తగ్గింపు రూపంలో కూడా వద్దు. ఉన్న ప్యాకులు ఆరు నెలల్లో ముగించాలి. అత్యవసర సేవలకు, విపత్తు సమయాలకు మినహాయింపు ఉంది, అప్పుడూ ఏడు పనిదినాల్లో ట్రాయ్‌కి తెలియజేయాలి. ఉల్లంఘిస్తే రోజుకు 50,000 రూపాయలు, మొత్తం 50 లక్షలు దాటకుండా జరిమానా. మూడు రోజులకే ఫేస్‌బుక్ ఇక్కడ ఫ్రీ బేసిక్స్ మూసేసింది.

50 లక్షలంటే ఆ కంపెనీలకు టీ ఖర్చు. భయపెట్టింది జరిమానా కాదు. 2017 నవంబర్‌లో ట్రాయ్ సిఫార్సు చేసి, 2018లో కేంద్రం ఒప్పుకున్నాక యాప్‌ని బట్టి ఆపడం, వేగం తగ్గించడం, కొందరికి ముందు దారి ఇవ్వడం కూడదన్న నియమం నేరుగా లైసెన్స్ షరతుల్లోకి చేరింది. లైసెన్స్ జోలికి వస్తే ఏ ఆపరేటర్‌కైనా టెన్షనే. మీకు సోషల్ ప్యాక్ ఎందుకు దొరకదన్నదానికి సూటి జవాబు ఇదీ.

అయితే పేదవాడి మాటేంటి అంటారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. 2015లో ట్రాయ్ లెక్కల ప్రకారమే 1 జీబీ ధర వందల్లో ఉండేది, 2014లో సగటు దాదాపు 269 రూపాయలు. అప్పుడు కూలి పనికి వచ్చిన మనిషికి చిల్లర డబ్బులతో దొరికిన వాట్సాప్ ప్యాక్ నిజంగానే పనికొచ్చింది. దాన్ని తీసేసినప్పుడు ఆ మనిషికి నష్టం జరిగింది, ఒప్పుకోవాలి. కానీ ఇక్కడ చూడాల్సింది ఒకటుంది. వాట్సాప్ ఫ్రీ అనే మాటకు విలువ ఉండేది మిగతా డేటా ఖరీదుగా ఉన్నంతకాలమే. జీబీ పది రూపాయలకు వస్తుంటే నెలంతా చేసే చాటింగ్ ఖర్చు పైసల్లో ఉంటుంది, దాన్ని ఫ్రీగా ఇచ్చి ఎవరిని ఆకట్టుకుంటారు? కాబట్టి ఫ్రీ యాప్‌లతో కస్టమర్లను పట్టుకునే ఆపరేటర్‌కి మామూలు డేటా రేటు తగ్గించాలన్న తొందర ఉండదు. మార్కెటింగ్ వాళ్లు సున్నా రేటు జాబితా పెంచమన్న రోజునే మామూలు కోటా తగ్గించమన్న సందర్భాలు నేను చూశాను.

మన దగ్గర ధర పడింది ట్రాయ్ ఉత్తర్వు వల్ల కాదు, ఆ ఘనత జియోది. పాత ప్యాకులకు ఇచ్చిన ఆరు నెలల గడువు 2016 ఆగస్టుతో ముగిసింది, సెప్టెంబర్ 5న జియో వచ్చింది. నెల తిరక్కుండా రెండూ జరగడంతో వాట్సాప్ ప్యాక్ పోయిందని కూడా ఎవరూ గమనించలేదు. 2018కల్లా 1 జీబీ సగటు ధర 12 రూపాయల లోపుకు వచ్చేసింది. ఉత్తర్వు చేసిందల్లా పోటీ ఎలా జరగాలో తేల్చడం. జియోకి ఎదురు నిలవాల్సిన పాత కంపెనీలకు 'ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్ మా దగ్గర ఫ్రీ' అని చెప్పే దారి మూసుకుపోయి ఉంది. మొత్తం డేటా రేటు తగ్గించడమే మిగిలింది. ఆ దారి తెరిచి ఉంటే ఏమయ్యేదో లెక్కేసి చూపించలేను గానీ, ఈ వ్యాపారం లోపలి నుంచి చూసినవాడిగా నా అంచనా మాత్రం ధర ఇంత వేగంగా పడేది కాదనే. పేదవాడికి నిజంగా ఫ్రీ ఇవ్వాలనుకుంటే ఫలానా యాప్‌కి అనకుండా ఇన్ని ఎంబీలు అని ఇవ్వొచ్చు. 2016 డిసెంబర్‌లో ట్రాయే గ్రామీణులకు నెలకు 100 ఎంబీ ఉచితంగా ఇవ్వమని, దానికి డబ్బు సార్వత్రిక సేవల నిధి నుంచి తీయమని సిఫార్సు చేసింది. అది ఏ యాప్‌కి వాడుకోవాలో వాడేవాడి ఇష్టం.

చాలా దేశాల్లో ఇంత తేల్చి చెప్పలేదు, చెప్పినా చాలా ఆలస్యంగా. యూరప్‌లో 2015లోనే చట్టం చేసి జీరో రేటింగ్‌ని నాన్చారు. హంగరీలో టెలినార్ ప్యాకుల్లో కోటా అయిపోయాక మిగతావి నెమ్మదించి చాట్ యాప్‌లు మాత్రం మామూలుగా నడిచేవి. ఇది చెల్లదని యూరప్ న్యాయస్థానం 2020 సెప్టెంబర్‌లో చెప్పింది. మరుసటి ఏడాది జర్మనీ కేసుల్లో ఇంకో అడుగు వేసి, సున్నా రేటు అన్నదే చట్టానికి విరుద్ధమంది. అక్కడి జీరో రేటింగ్ ప్యాకులైన డాయిచె టెలికామ్ స్ట్రీమ్ఆన్, వొడాఫోన్ పాస్ 2023 మార్చికల్లా ఆపాల్సి వచ్చింది. అమెరికాలో ఏటీ అండ్ టీ తన సొంత డైరెక్‌టీవీ వీడియోకి డేటా లెక్కపెట్టకుండా పోటీదారుల వీడియోకి మాత్రం లెక్కపెట్టింది. ఈ పద్ధతి చివరికి చేరేది ఇక్కడికే, ఎవరి గడి వాళ్ల చేతిలో ఉంటే సొంత సరుకుకే సున్నా వేసుకుంటారు. కాలిఫోర్నియా రాష్ట్ర నెట్ న్యూట్రాలిటీ చట్టం అమల్లోకి వచ్చాక 2021లో ఏటీ అండ్ టీ దాన్ని ఆపేసింది. జాతీయ స్థాయిలో మాత్రం అక్కడ 2015లో నియమాలు పెట్టారు, 2017లో తీసేశారు, 2024లో మళ్లీ పెట్టారు, 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. కాబట్టి అమెరికాలో ఉన్న బంధువులెవరైనా 'ఇక్కడ అన్నీ ఉన్నాయి కదా' అంటే ఏ రాష్ట్రం, ఏ ఏడాది అని అడగండి.

మీ మూడో ప్రశ్న సులభం. ఓటీటీ ఫ్రీ ప్యాక్‌లో మీకు ఇచ్చేది చందా. సినిమా చూసినప్పుడు పోయే డేటా మీ రోజువారీ కోటాలోంచే పోతుంది, గంటసేపు చూసి బ్యాలెన్స్ చెక్ చేసుకుంటే మీకే తెలుస్తుంది. డేటా రేటు మారలేదు కాబట్టి 2016 ఉత్తర్వుకి పని లేదు. అర్ధరాత్రి నుంచి పొద్దున 6 దాకా అన్‌లిమిటెడ్ లాంటివీ అంతే, అక్కడ తేడా టైమును బట్టి, ఏ యాప్ అన్నదానితో సంబంధం లేదు. అసలైన సందు వేరే చోట ఉంది. ఆపరేటర్ తన నెట్‌వర్క్ లోపలే, ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా నడిపే సేవకు ఈ నిషేధం వర్తించదు. ఏపీ ఫైబర్‌నెట్ 149 రూపాయల ప్యాక్ గుర్తుందా? ఒకే కేబుల్‌లో టీవీ, ఫోన్, ఇంటర్నెట్. టీవీ ఎన్ని గంటలు పెట్టినా ఇంటర్నెట్ కోటా తరగదు, ఎందుకంటే ఆ ఛానళ్లు లోపలి నుంచే వస్తాయి. అది సబబే. కానీ ఆపరేటర్ తన వీడియో యాప్‌ని కూడా 'ఇది మా లోపలి సేవే' అని ఆ ముసుగులో దాచితే? నిషేధాన్ని తప్పించుకోవడానికి అలా చేస్తే చెల్లదని ఉత్తర్వులోనే రాశారు, తప్పించుకోవడానికే చేశాడని రుజువు చేయడం మాత్రం కష్టం. ఎవరైనా కన్నేసి ఉంచాల్సింది ఇక్కడ.

ఇంకోటి, ఇప్పుడు ఆపరేటర్లు జీరో రేటింగ్ ఊసే ఎత్తడం లేదు. వాళ్ల కొత్త డిమాండ్, మా నెట్‌వర్క్ మీద ఎక్కువ ట్రాఫిక్ తెచ్చే పెద్ద యాప్ కంపెనీలు మాకు వాటా కట్టాలని. 2023లో మన ఆపరేటర్ల సంఘం ట్రాయ్ ముందు ఇదే వాదించింది. 2015లో ఎయిర్‌టెల్ తన 'జీరో' పథకంలో యాప్ కంపెనీ దగ్గర డబ్బు తీసుకుని కస్టమర్‌కి ఫ్రీ అంది. ఇప్పుడు కస్టమర్‌కి ఫ్రీ అన్న ముక్క తీసేసి డబ్బు మాత్రం అడుగుతున్నారు. దక్షిణ కొరియాలో ఇలాంటి నెట్‌వర్క్ ఫీజులున్నాయి. మిగతా చాలా దేశాలకంటే అక్కడ పది రెట్లు ఎక్కువ కట్టాల్సి వస్తోందని చెప్పి లైవ్ వీడియో సైటు ట్విచ్ 2024 ఫిబ్రవరిలో ఆ దేశంలో దుకాణం సర్దేసింది. ఈసారి ట్రాయ్ సంప్రదింపుల పత్రం ఎప్పుడు వేసినా ఈ పాయింట్ మీద మెయిల్ రాయండి, అయితే నమూనా మెయిల్ కాకుండా అడిగిన ప్రశ్నలకు జవాబుగా రాయండి. స్పామ్ కోసం ఇంకో ఐడీ పెట్టుకోండి.